ఇరవై సెకన్లకోసారి

మార్చి 3, మంగళవారం. సాయంత్రం 6:30

చిన్నదాని గేమింగ్ పీసీ స్టటర్ అవుతోందట. నత్తి అన్నమాట. కాస్త చూసిపెట్టమని అడిగింది.

చిన్నదంటే నా తోడికోడలు. మా మరిది భార్య. ఈ ఇంటికొచ్చి ఎనిమిది నెలలు. నేనొచ్చి పదకొండేళ్ళు. ఎవరూ లెక్క అడగలేదు, నేనే రాసుకుంటున్నాను.

కార్ రేసింగ్ గేమ్ ఆడుతుంది. ఫోన్‌లో వేళ్ళతో ఆడటం కాదు. నిజం స్టీరింగ్ వీల్, కాళ్ళ కింద పెడల్స్, ఏ కారులోంచో ఊడబీక్కొచ్చినట్టుండే సీటు, అన్నీ ఒక ఇనప చట్రానికి బోల్టులేసి బిగించి ఉంటాయి. కాపురానికొచ్చిన రోజు ఇద్దరు కూలీలు దాన్ని మోసుకొస్తుంటే పిండి ఆడించే మిషనేమో అనుకున్నాను.

కళ్ళజోళ్ళ షాపు నుంచి ఐదుకి వస్తుంది. ఐదుంబావుకి సీట్లో ఉంటుంది. ఐదూ ఇరవైకి మా అత్తయ్య వెళ్ళి పక్కన స్టూలు మీద కూర్చుంటుంది. ఏడు దాకా లేవదు.

పదకొండేళ్ళలో అత్తయ్య నా గదిలో కూర్చున్నది రెండుసార్లు. ఒకసారి నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు. రెండోసారి ఫ్యాన్ బిగించేవాడు నిచ్చెనెక్కితే, పడతాడేమోనని పట్టుకోవడానికి.

ఆస్పత్రిలో స్కానింగ్ కంప్యూటర్లు చూసేది నేను. ఇంట్లో ఎవరి ఫోన్ మొరాయించినా నేనే. ఈ ఒక్క విషయంలో నాకు పోటీ లేదు. రేపు చూస్తానన్నాను. బిజీగా ఉన్నట్టు కొంచెం నుదురు చిట్లించి మరీ అన్నాను.

మార్చి 4, బుధవారం. రాత్రి 8

పక్కన నిలబడి చూశాను. సెకనుకి నూట నలభై ఫ్రేములు వస్తున్నాయి, బొమ్మ వెన్నలా జారుతోంది. ఉన్నట్టుండి పద్దెనిమిదికి పడిపోతోంది. కారు గాల్లో ఆగిపోయి, అరసెకను తర్వాత ఇంకెక్కడో తేలుతోంది. పోయిన నెల గేమ్ అప్‌డేట్ వచ్చినప్పటి నుంచీ ఇంతేనట.

గ్రాఫిక్స్ డ్రైవర్ తీసేసి కొత్తది వేశాను. తేడా లేదు. గ్రాఫిక్స్ సెట్టింగులు అన్నీ తగ్గించాను. తేడా లేదు, పైగా చెట్లు అట్టముక్కల్లా తయారయ్యాయని చిన్నది నవ్వింది. అత్తయ్య కూడా నవ్వింది.

అత్తయ్య నవ్వితే పై పన్ను ఒకటి పక్కకి ఉంటుందని నాకు ఈ సంవత్సరమే తెలిసింది.

మార్చి 5, గురువారం

అది అత్తయ్యని నువ్వు అంటుంది. అత్తయ్య ఏమీ అనదు.

మార్చి 7, శనివారం. మధ్యాహ్నం 1

సెలవు. పీసీ పక్క తలుపు విప్పాను. ఫ్యాన్లలో దుమ్ము దూదిలా ఉంది. బ్రష్‌తో దులిపి, ప్రాసెసర్ మీద పేస్ట్ కొత్తగా రాశాను. ర్యామ్ ముక్కలు తీసి, తుడిచి, చోట్లు మార్చి పెట్టాను. వేడి చూశాను, అరవై ఎనిమిది డిగ్రీలు, బంగారంలా ఉంది. మళ్ళీ ఆడించి చూస్తే మళ్ళీ నత్తి.

చెమటలు కారుతూ నేను నేల మీద బాసింపట్టు వేసుకుని ఉంటే వాళ్ళిద్దరూ నా నెత్తి మీదుగా మాట్లాడుకుంటున్నారు. ఆ మలుపు దగ్గర బ్రేక్ ముందే వెయ్యాలని అత్తయ్య అంటుంది. ముందే వేస్తే వెనకవాడు దూరిపోతాడని ఇది. దూరనీ, వాడు మలుపులో అవతలకి జారిపోతాడు, నువ్వు లోపల్నుంచి బయటికొస్తావని అత్తయ్య. అత్తయ్య ఇరవై ఏడేళ్ళు సిటీ బస్సు నడిపింది. కుడి కంట్లో నడిమధ్య మసక మొదలయ్యాక నడపడం మానేసింది. మానేశాక రెండేళ్ళు సరిగ్గా ఎవరితోనూ మాట్లాడలేదు. బస్సు గురించైతే అసలే లేదు. నేను ఒకసారి అడిగితే, ఏముంది అందులో, ఎక్కేవాళ్ళు ఎక్కుతారు దిగేవాళ్ళు దిగుతారు అని లేచిపోయింది.

ఇప్పుడు క్లచ్ గురించి పావుగంట చెప్పింది.

ఇరవై ఒకటో తారీఖున దీనికి ఏదో లీగ్ క్వాలిఫయరట. మొదటి పదహారు మందిలో వస్తే పెద్ద సీజన్‌లోకి తీసుకుంటారట. మూడేళ్ళుగా ప్రయత్నిస్తోందట. అక్కా, ఆలోపు బాగవుతుందా అని అడిగింది. నా చేతుల్లో స్క్రూడ్రైవర్ ఉంది. ఎందుకవదు అన్నాను.

మార్చి 9, సోమవారం. సాయంత్రం 7:15

అత్తయ్య నన్ను పిలిచింది. నన్నే. టీ కప్పు పక్కన పెట్టి, ఆ ఆగడం ఎప్పుడు పడితే అప్పుడు రావట్లేదు, లెక్కపెట్టాను, ఇరవైకోసారి వస్తోంది అంది. ఇరవై అంటే ఇరవై సెకన్లు. ఇంజన్ ఇలా లెక్క తప్పకుండా దగ్గిందంటే ఇంజన్ తప్పు కాదు, దానికి ఎవరో ఏదో అడ్డం పెడుతున్నారని అర్థం అంది.

నాలుగు రోజులుగా గ్రాఫులు చూస్తున్నాను నేను. నాకు తట్టలేదు.

మెచ్చుకోబోయాను. ఈలోగా చిన్నది వెనకనుంచి వచ్చి అత్తయ్య భుజాల మీద చేతులు వేసి, మా మెకానిక్ అంది.

మార్చి 10, మంగళవారం. సాయంత్రం 5:30

దొరికింది.

ఇంకా ఎవరికీ చెప్పలేదు. ముందు ఇక్కడ రాస్తున్నాను.

చిన్నది రాకముందే పీసీలో ఏయే ప్రోగ్రాములు నడుస్తున్నాయో లిస్టు తెరిచి, గేమ్ దానంతటది నడిచేలా పెట్టి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కి కూర్చున్నాను. ఇరవై సెకన్లకోసారి ఒక పేరు లిస్టు అడుగు నుంచి పైకి ఎగిరి, పని చేసుకుని, మళ్ళీ కిందికి జారుకుంటోంది. ఆ పేరు నాకు బాగా తెలుసు. ఇంట్లోకి తెచ్చిందే నేను.

బ్యాకప్ ప్రోగ్రామ్. నా గదిలో బీరువా పక్కన ఒక నల్ల డబ్బా ఉంటుంది. ఇంట్లో అందరి ఫోటోలు, కాయితాలు అందులోకి కాపీ అవుతాయి. చిన్నది వచ్చిన మొదటి వారంలోనే నేను వెళ్ళి, నీ పీసీకి కూడా పెడతానని పెట్టాను. మంచి తోడికోడలు అనిపించుకుందామని.

పోయిన నెల అప్‌డేట్ నుంచి గేమ్ ప్రతి ఇరవై సెకన్లకి ల్యాప్ వివరాలు ఒక ఫైల్లో రాసుకుంటోంది. ఫైల్ మారిందని నా ప్రోగ్రామ్ మేలుకుంటోంది. ఫైల్ మొత్తం మళ్ళీ మొదట్నుంచి చదివి, కుదించి, డబ్బాకి పంపుతోంది. ఆ అరసెకను గేమ్ నోరెళ్ళబెట్టి నిలబడుతోంది.

ఆ ఒక్క ఫోల్డర్‌ని వదిలెయ్యమని సెట్టింగ్స్‌లో చెప్తే చాలు. మూడు క్లిక్‌లు.

మొదటి క్లిక్ అయింది. అప్పుడే ఇద్దరూ వచ్చారు. అత్తయ్య గుమ్మంలోంచే, ఏమే, మన బండి బాగయిందా అని అడిగింది. నన్ను కాదు. దాన్ని. మన బండట.

విండో మూసేశాను. ఇంకా దొరకలేదు అన్నాను.

మార్చి 11, బుధవారం

ఇవాళ కూడా చెప్పలేదు.

మార్చి 13, శుక్రవారం. సాయంత్రం 6

నా తరఫున నేను వాదించుకుంటున్నాను. తప్పు నాదని ఒప్పుకుంటే పరువు పోతుంది. ఆస్పత్రిలో అంత పెద్ద మిషన్లు చూసేదాన్ని, ఇంట్లో ఇంత చిన్న సంగతి చూసుకోలేదా అంటారు. అందుకే చెప్పలేదు.

అది అబద్ధం. కొంచెం నిజం కలిపిన అబద్ధం.

అసలు సంగతి ఏమిటంటే, పీసీ పాడై ఉన్నంతకాలం రోజూ ఐదింటికి నాకు ఆ గదిలో చోటుంది. స్క్రూడ్రైవర్ పట్టుకుని లోపలికి వెళ్తాను. అత్తయ్య స్టూలు జరిపి దారిస్తుంది. ఏమంటోంది అని అడుగుతుంది. నేను ఏదో ఒకటి చెప్తాను. పవర్ సప్లై అయ్యుండొచ్చు, కేబుల్ అయ్యుండొచ్చు. వింటుంది. పదకొండేళ్ళలో నేను చెప్పేది ఇంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు.

బాగయిపోతే ఆ తలుపు బయట నేనుంటాను, లోపల వాళ్ళిద్దరూ ఉంటారు.

మార్చి 16, సోమవారం. సాయంత్రం 4:50

డబ్బాలో చిన్నదాని ఫైళ్ళు తెరిచాను. కనీసం పాతవి తీసేస్తే బరువు తగ్గి నత్తి తగ్గుతుందేమో, ఎవరికీ చెప్పకుండానే సగం బాగుచేసినట్టవుతుందనుకున్నాను.

ఫైళ్ళ పక్కన టైములు ఉంటాయి. సాయంత్రం 5:20. సాయంత్రం 6:05. ఇవి సరే. ఉదయం 11:02 ఏంటి? 11:10, 11:30?

సోమవారం ఉదయం పదకొండుకి చిన్నది షాపులో ఉంటుంది. మగవాళ్ళిద్దరూ ఆఫీసుల్లో. నేను ఆస్పత్రిలో.

ఇంట్లో ఉండేది ఒక్కరే.

మార్చి 17, మంగళవారం. సాయంత్రం 6:30

ఆ ఫైళ్ళని వీడియోలా తిప్పి చూడొచ్చు. నా ల్యాప్‌టాప్‌లో చూశాను, తలుపేసుకుని.

రేస్ ట్రాక్. ఖాళీ. ఒకే ఒక్క కారు. గంటకి నలభై వేగంతో వెళ్తోంది. ప్రతి మలుపుకీ చాలా ముందుగా బ్రేక్, ఎక్కడా కుదుపు లేదు. నిలబడ్డవాళ్ళెవరూ తూలిపోకూడదన్నట్టు. అక్కడక్కడ రోడ్డు పక్కకి తీసి, ఆగి, మళ్ళీ బయల్దేరుతోంది. ఎందుకో మొదట అర్థం కాలేదు. మూడోసారి ఆగినప్పుడు అర్థమైంది.

స్టాపులు.

గంటన్నర చూశాను. పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది.

ఎవరికీ తెలియదు. చిన్నదానికి కూడా తెలియదు. దాని పక్కన కూర్చుని క్లచ్ గురించి చెప్పే మనిషి, అది లేనప్పుడు దాని సీట్లో కూర్చుని ఏం చేస్తుందో నాకొక్కదానికే తెలుసు. సంతోషం వేసింది. మంచి సంతోషం కాదు, కానీ సంతోషమే.

ఆ మూడు క్లిక్‌లు చేస్తే ఈ ఫైళ్ళు రావడం ఆగిపోతుంది. నలభైలో వెళ్తే ఆ ఆగడం ఎంతలే అనుకున్నాను.

మార్చి 21, శనివారం. సాయంత్రం 6

క్వాలిఫయర్ మూడింటికి. ఇంట్లో అందరూ ఆ గదిలోనే. మా ఆయన కూడా. నేను గుమ్మంలో.

చివరి ల్యాప్, చివరి మలుపు. చిన్నది పధ్నాలుగో చోటులో ఉంది. అత్తయ్య స్టూలు అంచుకి వచ్చేసింది, కుడికాలు గాల్లో బ్రేక్ తొక్కుతోంది. నేను మనసులో లెక్కపెడుతున్నాను. ఆపుకోలేకపోయాను. పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది.

ఆగింది. కారు గడ్డిలోకి పోయి, తిప్పుకుని వచ్చేసరికి ముగ్గురు దాటిపోయారు. పదిహేడో స్థానం. పదహారోవాడికీ దీనికీ తేడా సెకనులో మూడో వంతు.

మరిది ఏదో తిట్టాడు, పీసీని. చిన్నది హెడ్‌సెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని, పర్లేదు అక్కా, నువ్వు చాలా ట్రై చేశావు అంది.

నన్ను ఓదార్చింది.

రేపటికల్లా బాగుచేసి తీరాలనుకున్నాను. తర్వాత మంచినీళ్ళకి వెళ్తూ చూస్తే, అది అత్తయ్య ఒళ్ళో తల పెట్టుకుని ఏడుస్తోంది. అత్తయ్య దాని జుట్టులో వేళ్ళు పెట్టి సవరిస్తోంది. మా అమ్మ పోయినప్పుడు ఈ చెయ్యి నా భుజం మీద రెండుసార్లు తట్టి తీసేసింది.

రేపు చూద్దాంలే అనుకున్నాను.

మార్చి 23, సోమవారం. సాయంత్రం 4:45

ఇంటికొచ్చేసరికి అత్తయ్య హాల్లో చెయ్యి కొంగులో దాచుకుని కూర్చుంది. చూపించమన్నాను. వద్దంది. లాక్కుని చూశాను. కుడిచేతి బొటనవేలు మొదట్లో వంకాయలా వాచి ఉంది. బీరువా తలుపులో పడిందంది.

బీరువా తలుపులో పడితే గోరు నల్లబడుతుంది. మొదట్లో వాచదు.

ఐస్ పెట్టి, నా గదిలోకొచ్చి తలుపేసి డబ్బా తెరిచాను. 11:37.

నలభై కాదు. ఎప్పుడు పెరిగిందో నేను గమనించలేదు, మొదటి రోజు ఫైల్ చూసి అంతే అనుకున్నాను. నూట ముప్ఫై ఏడు. స్టాపుల్లేవు. మలుపులు ఒకదాన్నొకటి అందుకుంటున్నాయి. ఎంత బాగా నడుపుతోందో. చిన్నదానికంటే శుభ్రంగా. మలుపు మధ్యలో, స్టీరింగ్ ఎటు తిరుగుతోందో చూపించే గీత ఉన్నట్టుండి బల్లపరుపుగా ఆగిపోయింది, అరసెకను. తర్వాత గోడ. గోడకి కొడితే ఆ వీల్ నిజం కారులాగే ఎదురుతిరుగుతుంది, మోటారుంటుంది లోపల. బొటనవేలు లోపలికి పెట్టి పట్టుకుంటే విరిచేస్తుంది. ఆవిడ బస్సు పట్టు పట్టి ఉంటుంది, వేలు లోపలికి.

కారు గోడ పక్కనే పదకొండు నిమిషాలు నిలబడి ఉంది. తర్వాత ఫైల్ అయిపోయింది.

4:58

మూడు క్లిక్‌లు. నాలుగు సెకన్లు పట్టింది.

మార్చి 24, మంగళవారం. సాయంత్రం 7

ఎముకల డాక్టరు సన్నటి పగులుందన్నాడు. పట్టీ వేశాడు. ఆరు వారాలు. ఆయనకి కూడా బీరువా కథే చెప్పింది. డాక్టరు ఫిల్ము చూసి, బీరువా ఏ వైపు తెరుచుకుంటుందండీ అన్నాడు. నేను గోడ మీద కేలండర్ చూస్తూ కూర్చున్నాను.

ఇంట్లో నాకు సన్మానం. నత్తి పోయింది. చిన్నది నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది. ఏం చేశావక్కా, ఏం చేశావు అని ఒకటే అడగడం. ఏదో సెట్టింగ్ అన్నాను. మరిది, వదిన చెయ్యి పడితే అంతే అన్నాడు. మా ఆయన గర్వంగా తలూపాడు. పదకొండేళ్ళుగా ఇలాంటి సాయంత్రం ఒక్కటి రావాలని చూశాను. అన్నం దిగలేదు.

మార్చి 26, గురువారం. సాయంత్రం 5:10

అత్తయ్యకి చెప్పేశాను.

వెనక వరండాలో ఉంది. బట్టలు మడతపెడుతోంది ఎడమచేత్తో. కారణం నేనేనని, పదో తారీఖునే తెలిసిందని, చెప్పలేదని, పదకొండు గంటల ఫైళ్ళు చూశానని, అన్నీ ఒకే ఊపిరిలో చెప్పాను. ఎందుకు దాచావని అడగలేదు. పదో తారీఖా అని మళ్ళీ అడిగింది. అవునన్నాను. ఎడమచేతి వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. పదమూడు రోజులు అంది.

డిపోలో ఒక మెకానిక్ ఉండేవాడంది. బ్రేకు సరిగ్గా లేదని తెలిసీ ఒకరోజు అత్తయ్య బండిని బయటికి పంపాడట. ఎవరికీ ఏమీ కాలేదట. రిటైరయ్యేదాకా వాడితో మాట్లాడలేదట.

నేను కుప్పలోంచి ఒక తువ్వాలు తీసి మడతపెట్టాను.

తర్వాత అంది, నేను ఆ సీట్లో కూర్చుంటున్నానని మాత్రం ఎవరికీ చెప్పకు. నా కొడుకులకి తెలిస్తే జాలిపడతారు, అది నాకు పడదు అంది. సరేనన్నాను. చిన్నదానికి మాత్రం నీ సంగతి నువ్వు చెప్పుకోవాలి, అది వేరే లెక్క అంది.

లేవబోతుంటే, టీ పెట్టు, ఇద్దరికీ అంది. తాగాం.

మార్చి 27, శుక్రవారం. సాయంత్రం 6

చెప్పాను. గేమ్ మొదలెట్టకముందే.

నవ్వుతుందేమో, పోనీ అక్కా అంటుందేమో అని మూలెక్కడో ఆశ ఉంది, ఎందుకు దాచాలి. నవ్వలేదు. ఇరవై ఒకటిన తెలుసా అని అడిగింది. తెలుసన్నాను. గుమ్మంలో నిలబడి ఉన్నప్పుడు కూడా తెలుసా? తెలుసు.

మౌస్ తీసుకుని నా ప్రోగ్రామ్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసింది. పాస్‌వర్డ్ మార్చింది, స్క్రీన్ నాకు కనపడకుండా పక్కకి తిప్పుకుని. ఇక నా సిస్టమ్ మీరు ముట్టుకోకండి అంది.

అక్క పోయింది, మీరు వచ్చింది.

ఇప్పుడెందుకు చెప్తున్నారు అని కూడా అడిగింది. బొటనవేలి సంగతి నోటిదాకా వచ్చింది. మింగేశాను. చెప్పాలనిపించింది, అన్నాను. అంత అతకని జవాబు నా జన్మలో చెప్పలేదు.

ఏప్రిల్ 2, గురువారం. సాయంత్రం 6:40

ఎవరికీ చెప్పలేదది. మొగుడికి కూడా. ఇంకా కష్టంగా ఉంది. మరిది నన్ను ఇప్పటికీ వదిన చెయ్యి వదిన చెయ్యి అంటుంటే అది పళ్ళెంలోకి చూస్తూ తింటుంది. నేను గదిలోకొస్తే ఫోన్ తీస్తుంది. నేను వడ్డిస్తే చాలంటుంది, ఇంకా వెయ్యకముందే.

అత్తయ్య మాత్రం నాతో బాగానే ఉంటోంది. ఉదయం నేను డ్యూటీకి వెళ్ళబోతుంటే పట్టీ వేసిన వేలు పైకెత్తి, బీరువా జాగ్రత్త అంది. కన్ను కొట్టినట్టే అనిపించింది. మసక కంటితో కొట్టింది, సరిగ్గా తెలియదు.

ఇప్పుడు ఆవిడకీ నాకూ మధ్య ఒక రహస్యం ఉంది. చిన్నదానికి లేనిది. నేను కోరుకున్నది ఇదే కదా. దొరికింది. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చేతిలో పట్టుకుని తిరుగుతున్నాను.

ఏప్రిల్ 6, సోమవారం

ఐదూ ఇరవై. ఆ గదిలోంచి ఇద్దరి నవ్వులు. నేను వంటింట్లో. ఇప్పటికీ కడుపు మండింది. ఇంత జరిగాక కూడా. సిగ్గులేని కడుపు.

ఏప్రిల్ 11, శనివారం. సాయంత్రం 5:30

క్వాలిఫయర్ రెండో విడత. మొదటిసారి తప్పిపోయినవాళ్ళకి, మిగిలిన నాలుగు చోట్ల కోసం. నన్నెవరూ పిలవలేదు, పొమ్మనీ అనలేదు. వంటింట్లో గిన్నెలు తోముతూ విన్నాను. తోమినవే మళ్ళీ తోమాను. ఒకచోట అత్తయ్య గట్టిగా, విప్పు విప్పు, స్టీరింగ్ విప్పు అని అరిచింది. తర్వాత మరిది ఈల.

మూడో స్థానం. లీగ్‌లోకి వెళ్ళింది.

అభినందనలు చెప్పడానికి వెళ్ళాను. థాంక్సండీ అంది.

ఏప్రిల్ 12, ఆదివారం. ఉదయం 11

పొద్దున్న టిఫిన్ల దగ్గర అత్తయ్య గ్లాసు పక్కన పెట్టి, నా వేలు బీరువాలో పడలేదు అంది.

అందరూ తలెత్తారు. చెప్పేసింది. వేలు విరిగేదాకా రోజూ పదకొండింటికి ఆ సీట్లో కూర్చున్నానని. మొదట బస్సులాగే నడిపానని, తర్వాత ఆగలేకపోయానని. గోడకి గుద్దానని. పెద్ద కోడలికి ఇది తెలిసిందని, తన వేలు చూశాకే దాని తప్పు అది ఒప్పుకుందని, ఎవరికీ చెప్పొద్దని దాని నోరు కట్టింది తానేనని. ఇవాళ్టి నుంచి దాని నోరు విప్పుతున్నాను అంది. ఏ తప్పని మగవాళ్ళిద్దరూ అడిగితే, అది ఆడవాళ్ళ లెక్క, మీరు తినండి అంది.

మా ఆయన ముఖం చూడాలి. నాలుగేళ్ళ కింద లైసెన్సు ఇచ్చెయ్యమని అమ్మని బతిమాలింది ఆయనే. అమ్మా, ఎంతలో వెళ్ళావు అన్నాడు చివరికి. నూట ముప్ఫై ఏడు అని నేనే చెప్పాను. నూట నలభై అని అత్తయ్య దిద్దింది.

చిన్నది పళ్ళెంలోకి చూస్తూ తింటోంది. అందరూ లేచాక, నేను పళ్ళాలు తీస్తుంటే, సీటు అంది.

ఏం సీటు?

రోజూ తను వచ్చేసరికి సీటు ఒక గడి ముందుకి జరిగి ఉండేదట. తనది పొడుగు కాళ్ళు, అంత ముందుకి ఎప్పుడూ పెట్టుకోదు. ఎవరో పొట్టివాళ్ళు కూర్చుంటున్నారని తెలిసిందట. అత్తయ్య అనుకోలేదట. నువ్వనుకున్నాను అంది. నేను నాలుగున్నరకి వస్తాను, అది ఐదుకి వస్తుంది. ఆ అరగంట నేను దొంగతనంగా నేర్చుకుంటున్నాననుకుందట. మొహమాటపడి అడగట్లేదని, అడిగితే మానేస్తానని, తెలియనట్టు ఊరుకుందట. గేమ్‌లో అక్క అని ఒక ప్రొఫైల్ కూడా చేసి పెట్టిందట, ఎప్పుడో ఒకప్పుడు నాకే కనిపిస్తుందని. సాయంత్రం గేటు దగ్గరే ఫోన్ చూసుకుంటూ నిలబడేదట పది నిమిషాలు. నేను ల్యాప్ పూర్తి చేసుకోవాలని.

అందుకే అంత కోపం వచ్చింది, నువ్వు కూడా నాలాగే అనుకున్నాను అంది.

నువ్వు అంది. నేను గమనించినట్టు అది గమనించకూడదని పళ్ళాలు పట్టుకుని సింకు వైపు తిరిగాను. నీళ్ళు వదిలాను. చాలాసేపు వదిలాను.

ఏప్రిల్ 14, మంగళవారం. సాయంత్రం 5:10

లిస్టులో మూడు పేర్లున్నాయి.

చిన్ని, ఒక నిమిషం నలభై ఏడు సెకన్లు. అత్తయ్య, ఎడమచేత్తోనే, రెండు నిమిషాల ముప్ఫై తొమ్మిది. అక్క, తొమ్మిది నిమిషాల ఆరు సెకన్లు.

నాలుగుసార్లు గోడకి, ఒకసారి వెనక్కి. అత్తయ్య పక్కన స్టూలు మీద కూర్చుని, బొటనవేలు బయటికి పెట్టు, బయటికి, అని తొమ్మిది నిమిషాలూ అంటూనే ఉంది. ఒక మాట మెచ్చుకోలేదు. ఆవిడ టైము చూస్తే ఒళ్ళు మండింది.

కిటికీలోంచి చూశాను. చిన్నది గేటు దగ్గర నిలబడి ఉంది. ఫోన్ చూసుకుంటోంది.